ఇంకో వారం ఆగు

8 అక్టోబర్ 1989, ఆదివారం

తండాకు పోయొచ్చిన. బాపుకు చూపు ఇంకా తగ్గింది. కుడి కన్ను మొత్తం తెల్లగ కమ్మింది. ఎడమ కంటికి మనిషి నీడ మాత్రం తెలుస్తదంట. ఖమ్మంల కండ్ల ఆపరేషన్ క్యాంపు డిసెంబర్‌ల ఉన్నది, తీస్కపోత అన్న.

"డిసెంబర్ దాక నేను ఆగుత. అది ఆగదు" అన్నడు.

అది అంటే ఇంటెనక కంది సాళ్ల నడుమ ఉన్న గంజాయి చెట్టు. ప్రతి ఏడు ఒక్కటే పెడ్తడు. అడివిల చెట్లు కొట్టే కూపుల దుంగలు మోసే కాలంల ఒక దుంగ జారి ఎడమ తుంటి మీద పడ్డది. అప్పటి నుంచి చలికాలమొస్తే ఆయనకు నిద్ర ఉండదు. కొంచెం పూత నూరి పాలల్ల కలుపుకొని తాగితే కాలు చల్లబడ్తదంటడు. అమ్ముకోడు. విత్తనం అడిగినోళ్లకు మాత్రం ఇస్తడు.

నేను ఎక్సైజ్ ఆఫీసుల జూనియర్ అసిస్టెంట్‌ని. కేసు కాయిదాలు టైపు చేసేది నేనే. నాలుగేండ్ల కింద కొత్త చట్టం వచ్చినంక ఒక్క చెట్టున్నా కేసే. పోయినేడు చెప్పిన, ఈయేడు మళ్ల చెప్పిన. పీకేద్దాం బాపూ అన్న.

ఆయన వినబడనట్టు, "పోయి చూసి రా. పూత మొన మీద సన్న వెంట్రుకలుంటయ్. ఏ రంగున్నయో చెప్పు" అన్నడు.

చూసిన. పాల రంగు. చెప్పిన.

"అయితే ఇంకా మస్తు దినాలున్నయ్" అన్నడు. కండ్లు మంచిగున్నప్పుడు ఈ పని ఎవరికీ ఇయ్యకపోయేది. ఇప్పుడు నా కండ్లు కావాల్సొచ్చినయ్. చట్టం చెప్పనీకి పోయినోణ్ణి చెట్టు చూసి వచ్చిన.

15 అక్టోబర్

పోలే. ఊకెనే పోలే.

22 అక్టోబర్, ఆదివారం

బాపు ఇయ్యాల బడి పంతులు లెక్క చెప్పిండు. ఆకుల దిక్కు చూడొద్దంట, ఆకు ఎండకు కూడ పసుపెక్కుతది, మోసం చేస్తది. వెంట్రుకలే చూడాలె. తెలుపు ఎక్కువుంటే పచ్చిది. చింతపండు రంగుకు తిరిగి లోపలికి ముడుచుకుంటే అయినట్టు. అందులో కూడ సగం తిరిగినయి చూసి సంబరపడొద్దు.

"పచ్చిది కోస్తే ఏమైతది?" అన్న.

"తల తిరుగుతది. నొప్పి పోదు. కోసి తప్పు చేసినట్టయితది" అన్నడు.

మేం మాట్లాడుకునేది మా లంబాడి మాటల్నే. రాసుకునేటప్పుడు తెలుగు అయితది. నాకు రాయ వచ్చింది ఇదొక్కటే.

నేను లేవబోయేసరికి రూప్లి వదిన వచ్చింది, బిడ్డ మోతిని చంకల ఏసుకొని. వదిన అంటే మా పెదనాయన కొడుకు దేవ్లా పెండ్లాం. దేవ్లా పోయి రెండేండ్లాయె, కామెర్లు ముదిరి. ఆమె కల్లూరు దిక్కు మిరప తోటల్ల కూలికి పోతది. బాపు ఇచ్చిన విత్తనమే ఆమె కూడ గుడిసె పక్కన ఒకటి పెట్టింది, బాపు పెట్టిన దినమే. ఆమె తాగదు. అంగట్ల ఒకాయనకు ఇచ్చి ఉప్పు, నూనె తెచ్చుకుంటది.

"మామా, నీది ఎట్లున్నది?" అన్నది.

"మా కొడుకు చూసిండు. తెల్లగున్నదంట. నీది కూడ గంతే ఉంటది, ఒక్క తల్లి పిల్లలు" అన్నడు బాపు.

వదిన నా దిక్కు చూసి నవ్వింది. "సర్కారు సారే చెప్పినంక ఇంకేంది" అన్నది. నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి గట్లనే సారూ అని పిలుస్తది. ఎగతాళికే గని, మంచిగనే ఉంటది.

5 నవంబర్, ఆదివారం

కొన్ని తిరిగినయ్. పదిట్ల మూడో నాలుగో. చెప్పిన. ఇంకో పదిహేను దినాలు అన్నడు.

తిరిగొచ్చేటప్పుడు సైకిల్ మీద అదే లెక్క. పదిహేను దినాలంటే ఇరవై తారీఖు. ఇరవై దాక ఏం కాకపోతే కోసుకుంటడు, ఈయేటికి అయిపోతది, వచ్చేయేడు పెట్టనియ్య.

9 నవంబర్, గురువారం

మా ఇన్‌స్పెక్టర్ రామ్‌చందర్ సారు గంజాయి దాడుల లిస్టు తెచ్చి నా టేబుల్ మీద పెట్టిండు. అడివి పక్క తండాలు, గూడేలు. ఎలక్షన్ల లోపల కేసులు చూపియ్యాలెనని పైనుంచి ఒత్తిడి. పదిహేడు తారీఖు, శుక్రవారం పొద్దుగాల జీపులు పోతయ్.

నాలుగో పేరు మా తండా.

సారుకు నాది ఆ తండానే అని తెలుసు. తెలిసే నా చేతికి ఇచ్చిండు. "జైరాం, ఈ లిస్టు నీకూ నాకే తెలుసు" అన్నడు. నవ్వలే, కోపం చేయలే. మామూలుగ అన్నడు.

టైపు చేసిన. మూడు కాపీలు.

10 నవంబర్

హేమ్లికి చెప్పిన. నా పెండ్లామే గద, ఆమెకు చెప్పుడు తప్పు కాదు. "బాపు చెట్టు తీసెయ్. వేరేటోళ్ల సంగతి నీకెందుకు" అన్నది. ఆమె మాటల తప్పేం లేదు. ఈ కిరాయి ఇల్లు ఈ ఉద్యోగం మీదనే నడుస్తున్నది, మా ఇంట్ల నెల జీతం మొదాలు చూసింది నేనే.

12 నవంబర్, ఆదివారం

జల్దీనే పోయిన. బాపు మంచం మీద కూసోని ఉన్నడు. నేను చెట్టు కాడికి పోయి కొంచెంసేపు నిలబడ్డ. పదిట్ల ఆరు తెలుపే.

వచ్చి, "మొత్తం తిరిగినయ్ బాపూ. ఎండలు ఎక్కువున్నయ్ గద, ముందే అయింది" అన్న.

ఆయన కట్టె పట్టుకొని లేచిండు. నా భుజం మీద చెయ్యేసి చెట్టు కాడికి వచ్చిండు. పూత మొన రెండు వేళ్ల నడుమ పట్టుకొని మెల్లగ నలిపిండు. వాసన చూసిండు. మళ్ల ఇంకొక కొమ్మ పట్టుకున్నడు.

"మొత్తం తిరిగినయా?"

"అవ్."

"నీ కంటికి అట్ల కనిపిస్తే కోద్దాం" అన్నడు. కొడవలి ఆయనే పట్టిండు. మొదలు కాడ రెండు దెబ్బలు.

మా ఇంట్ల ఆరబెట్టి తెస్త అన్న. గోనె సంచిల పెట్టి సైకిల్‌కు కట్టిన. వాగు దాటేకాడ నీళ్లల్ల ఇడిచిన. ఇంట్ల పెట్టుకునేది కాదు గద. వచ్చేవారం ఏదో ఒకటి చెప్త.

ఇది వాగు కాడికి రాకముందు సంగతి. తండా దాటుతుంటే రూప్లి వదిన ఎదురొచ్చింది. బాపు కోసిండని అప్పుడే తెలిసింది ఆమెకు.

"సారూ, మామ కోసిండంట. మరి నాది కొయ్యాల్నా? జర చూసి చెప్పు."

పోయి చూసిన. బాపు చెట్టు లెక్కనే ఉన్నది. తెల్లగనే ఉన్నది.

తెల్లగున్నది వదినా, ఇంకో వారం ఆగు అన్న.

ఆమె అడిగింది. నేను చూసింది చెప్పిన. అంతే.

13 నవంబర్

చూసింది చెప్పిన. తెల్లగున్నదాన్ని తెల్లగున్నది అన్న. దాంట్ల అబద్ధం లేదు.

14 నవంబర్

ఒక్క ఇంట్ల కోస్తే ఎవరికీ అనుమానం రాదు. తండా మొత్తం ఒక్క వారంల కోసుకున్నదనుకో, శుక్రవారం పోయినోళ్లకు ఒక్క చెట్టు దొరకదు. అప్పుడు రామ్‌చందర్ సారు ఎవరి దిక్కు చూస్తడు? ఆ లిస్టు ఇద్దరికే తెలుసు.

నేనేమన్న ఆమెను చెట్టు పెట్టుమన్ననా?

ఇంకా మూడు దినాలున్నయ్. బుధవారం పోయి ఏదో ఒక మాట జెప్పి కోయిస్త. పురుగు పట్టిందనో, ఏదో ఒకటి.

15 నవంబర్, బుధవారం

ఆఫీసుల పని. పోవుడు కాలే.

16 నవంబర్, గురువారం

రేపటి పంచనామాలు ఇయ్యాలనే టైపు చేపిచ్చిండు సారు. పేరు, ఇంటి నంబర్, చెట్టు ఎత్తు ఖాళీ పెట్టి మిగిలింది మొత్తం. పట్టుకున్న టైము ఉదయం ఏడు గంటలు. సాక్షులు ఇద్దరు, హోటల్లో టీ పోసేటాయన, సైకిల్ షాపాయన. ఇద్దర్ని ఆఫీసుకు పిలిచి ఐదు కాయిదాల మీద సంతకాలు తీసుకున్నం. రేపు వాళ్లెవరూ జీపు ఎక్కరు.

ఇది కొత్తేం కాదు. ఎప్పుడూ గిట్లనే నడుస్తది. ఎప్పుడూ నేనే టైపు చేస్త.

17 నవంబర్, శుక్రవారం

సారు నన్ను కూడ రమ్మన్నడు. "నీకు వాళ్ల భాష వస్తది, పనికొస్తవ్" అన్నడు.

తొమ్మిది దాటినంక చేరినం. జీపు చప్పుడు వినంగనే తండాల ఆడోళ్లు బయటికొచ్చిండ్రు. నన్ను చూసి కొందరు దండం పెట్టిండ్రు, మా పిలగాడే గద వచ్చిందని.

మా ఇంటెనక కందిల కోసిన మోడు కనపడ్డది సారుకు. కాలితో తట్టిండు.

"ఇదేంది?"

"కంది మోడు సార్."

"ఎవరిల్లు?"

"మా బాపుది."

నా ముఖం దిక్కు చూసుకుంట నిలబడ్డడు. "కంది మోడే" అన్నడు. ముందుకు నడిచిండు. ఆ ఒక్క మాటతో నన్ను కొనుక్కున్నడు. బాపు వాకిట్లనే ఉన్నడు, విన్నడు.

రూప్లి వదిన గుడిసె పక్కన చెట్టు అట్లనే ఉన్నది. దాచనీకి కూడ ఏం చేయలే, పైన ఒక పాత చీర కప్పింది అంతే. కానిస్టేబుల్ చీర గుంజిండు. నేను టేపు పట్టి కొలిచిన. కాయిదంల ఖాళీలు నింపిన. పూత దశలో ఉన్న మొక్క ఒకటి.

ఆమె ఏడ్వలే. నా దిక్కు చూసి మా మాటల అన్నది, "నువ్వే గద ఆగుమన్నవ్?"

"ఏమంటున్నది?" అన్నడు సారు.

"బిడ్డను ఎవరు చూస్తరని అడుగుతున్నది సార్" అన్న.

వదినకు తెలుగు వస్తది. నేనేం చెప్పిన్నో ఆమెకు తెలిసింది. జీపు ఎక్కింది. మోతి ఎనక ఉరికింది, బాపు కట్టె పడేసి తడుముకుంట పోయి పిల్లను పట్టుకున్నడు.

18 నవంబర్

రిమాండు. కాయిదం నేనే టైపు చేసిన.

26 నవంబర్, ఆదివారం

ఎలక్షన్ డ్యూటీ అయిపోయింది. తండాకు బస్సుల పోయిన. మోతి బాపు దగ్గర్నే ఉంటున్నది. బాపు జొన్న గట్క వండిండు, సగం మాడింది. పిల్లకు ఊదుకుంట తినిపిస్తున్నడు. చెయ్యి ఎటు పోతున్నదో తెలుస్తలేదు ఆయనకు, పిల్లనే నోరు దగ్గరికి తెచ్చుకుంటున్నది.

గంజాయి ఆరిందా అని ఆయన అడగలే. నేను ఏం చెప్పాలెనో తయారు చేసుకొని పోయిన. అడగనే లేదు. కాలు గుంజుతున్నదని మాత్రం కూసున్న తీరుల తెలుస్తున్నది.

పిల్ల బయటికి పోయినంక అన్నడు, "నాకు చూపు లేదు, వేళ్లు ఉన్నయ్. పచ్చిగున్నదని ముట్టుకోంగనే తెలిసింది."

"మరి ఎందుకు కోసినవ్?"

"నా కొడుకు అబద్ధం చెప్తున్నడు, ఏదో ఆపద ఉన్నట్టున్నది అనుకున్న. అడిగితే నీకు ఇబ్బంది అయితదని అడగలే. కోసిన."

కాలు సదురుకొని మళ్ల అన్నడు.

"నాకు అబద్ధం చెప్పినవ్, బతికిచ్చినవ్. రూప్లికి నిజం ఎందుకు చెప్పినవ్ రా?"

ఇప్పటిదాక నాకు ఆ మాట గట్ల తట్టలే. ఆఖరి బస్సు పోతదని లేచొచ్చిన. బస్సుకు ఇంకా రెండు గంటలున్నది.

1 డిసెంబర్, శుక్రవారం

బాపు ఆఫీసుకు వచ్చిండు. ఎవర్నో అడుక్కుంట, బస్సు ఎక్కి, ఒక్కడే. నేను టైపు చేస్తున్న. తలుపు కాడ కట్టె చప్పుడు విని తలెత్తిన.

రామ్‌చందర్ సారు ముంగట నిలబడి వచ్చీ రాని తెలుగుల చెప్పిండు, "అయ్యా, రూప్లి పెట్టిన చెట్టుకు విత్తనం నాది. పెట్టుమన్నది నేను. నా పేరు తుల్సీరాం. నన్ను పట్టుకొని ఆమెను ఇడువుండ్రి."

సారుకు పేరు విన్నంక నా దిక్కు చూడాలెననిపించింది గావొచ్చు, చూసిండు. నేను పని ఆపలే. ఏం టైపు చేసిన్నో నాకు తెల్వది. తరువాత చూస్తే వరుస మీద వరుస పడ్డది.

"ముసలాయనా, విత్తనం ఇస్తే కేసు కాదు. ఇంటికి పో" అన్నడు సారు. మెత్తగనే అన్నడు. కుర్చీ ఎయ్యమన్నడు, నీళ్లు ఇప్పిచ్చిండు.

బాపు కూసోలే. "నాది కూడ ఉండె. కోసిన. అది మీరు చూసిండ్రు" అన్నడు.

అప్పుడు నా వేళ్లు ఆగినయ్. ఆఫీసుల మిషన్ చప్పుడు ఆగిపోయింది. బాపు తల నా దిక్కు తిప్పిండు. నేను అక్కడున్నట్టు అప్పుడే తెలిసింది ఆయనకు. కొడుకా అనలే. జైరాం అనలే. "రాసుకో సారూ, నాది కూడ ఉండె" అన్నడు నాతోని.

నేను రాయలే.

అటెండర్ చెయ్యి పట్టుకొని బస్టాండ్ దాక తోల్కపోయిండు. నేను లేవలే. ఇది నిజమని రాసుకుంటున్న. నేను లేవలే.

3 డిసెంబర్, ఆదివారం

తండాకు పోయేది ఉండె. పోలే. హేమ్లి అన్నం పెట్టింది, పళ్లెం పక్కకు జరిపిన. "ఏంది, వారం నుంచి గిట్లనే ఉన్నవ్" అన్నది. మొత్తం చెప్పిన. వదిన అడిగింది, నేను ఆగుమన్నది, జీపు కాడ మాట మార్చి చెప్పింది. ఇప్పటిదాక ఆమెకు కూడ ఆ మాట చెప్పలే.

ఆమె గిన్నెలు సదిరింది. "నేను వేరేటోళ్ల సంగతి నీకెందుకన్న. ఆగుమని చెప్పుమనలే" అన్నది.

8 డిసెంబర్, శుక్రవారం

సెలవు పెట్టి ఖమ్మం పోయిన. వదిన తరఫున ఎవరూ లేరు. ఆంథోని అని ఒక వకీలు, చర్చి పక్క సందుల ఉంటడు, గరీబోళ్ల కేసులు పట్టుకుంటడని విన్న. పెద్ద మనిషి, దగ్గుతో బాధ పడ్తున్నడు.

చెట్టు సంగతి చెప్తే తల ఊపిండు. కొత్త చట్టం కింద బెయిలు అంత సులువుగ రాదన్నడు. నేను తీస్కపోయిన పంచనామా కాపీ చూసుకుంట, "ఇది ఏడు గంటలకే రాసిండ్రా?" అన్నడు.

"ముందటి దినమే రాసినం. నేనే టైపు చేసిన. సాక్షులు తండాకు రానే లేదు."

కండ్లద్దాలు తీసిండు. "అది నువ్వు కోర్టుకు అఫిడవిట్ ఇస్తవా?"

"ఇస్తే?"

"ఆమెకు బెయిలు రావొచ్చు. తరువాత కేసు కూడ నిలబడకపోవొచ్చు. నీ ఉద్యోగం మాత్రం ఉండదు. ఇంటికి పోయి ఆలోచన చేసి రా."

బస్సుల వచ్చుకుంట ఆలోచన చేసిన. నిజం చెప్పాలె, ఆమె గురించి ఆలోచన చేయలే. ఉద్యోగం గురించే చేసిన.

10 డిసెంబర్

హేమ్లి అన్నది, "ఇస్తే ఇయ్యి. నాకు చెప్పకుంట మాత్రం ఇయ్యకు."

12 డిసెంబర్, మంగళవారం

ఇస్తున్న అని ఆమెకు చెప్పిన. ఇచ్చిన.

15 డిసెంబర్

బాపుకు కుడి కన్ను ఆపరేషన్ అయింది. కట్టు విప్పేదాక క్యాంపుల నేను ఉన్న. మోతిని హేమ్లి చూసుకుంటున్నది. బాపు, నేను మాట్లాడుకున్నది నీళ్లు కావాల్నా, పక్కకు తిరుగుతవా, గంతే.

20 డిసెంబర్

సస్పెన్షన్ ఆర్డర్. రామ్‌చందర్ సారు తన చేత్తోనే ఇచ్చిండు. "మోడు నేను చూడనట్టు ఉన్న. నువ్వు నన్ను చూడనట్టు ఉండలేకపోయినవ్" అన్నడు. ఆ మనిషి నాకు చేసింది మేలే. ఆయనకు ఏం చెప్పాలెనో ఇప్పటికీ తెల్వది. సంతకం పెట్టి తీసుకున్న.

2 జనవరి 1990

కిరాయి ఇల్లు ఖాళీ చేసినం. తండాకు వచ్చినం. కొందరు మాట్లాడుతున్నరు, కొందరు లేదు. జీపుల నన్ను అందరూ చూసిండ్రు.

బాపుకు చూపు వచ్చింది. కాలు గుంజుడు తగ్గలే. పొద్దుగాల లేచి కూసునేసరికి ముఖం పాలిపోయి ఉంటది. వాగుల ఇడిచిన సంగతి చెప్పిన. "అది పచ్చిదే గద" అన్నడు.

23 జనవరి, మంగళవారం

బెయిలు వచ్చింది. ఆంథోని వకీలు జామీను కోసం ఇద్దర్ని తీసుకరమ్మన్నడు. బాపు ఒకరు. రెండో మనిషిని నేను అయిత అన్న. వద్దు, ఈ కేసుల నువ్వు సాక్షివి, వేరేటోళ్లను చూడు అన్నడు వకీలు. మా తండా పెద్దమనిషి దూలయ్యను అడిగిన. వచ్చిండు.

25 జనవరి, గురువారం

రూప్లి వదిన వచ్చింది. బస్సు దిగి నడుచుకుంటనే వచ్చింది. రెండు నెలలల్ల మెడ ఎముకలు తేలినయ్. మోతి మొదాలు గుర్తుపట్టలే, బాపు ఎనక దాక్కున్నది. తరువాత పోయి కాళ్లు పట్టుకున్నది. వదిన అప్పుడు ఏడ్చింది.

హేమ్లి అన్నం పెట్టింది. తిన్నది. బాపుతో మాట్లాడింది, కన్ను ఎట్లున్నదని అడిగింది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డ. అఫిడవిట్ సంగతి ఆమెకు వకీలు చెప్పిండంట. దాని గురించి ఒక్క మాట అనలే. నేను కూడ ఎత్తలే. ఎత్తితే అఫిడవిట్ ముందు పెట్టి, ఆగుమన్న మాట దాచినట్టు అయితుండె.

పోయేటప్పుడు నా ముంగట ఆగింది.

"ఆ రోజు చెట్టు చూడనీకి వచ్చినవ్ గద. వాళ్లు వస్తరని నీకు అప్పటికే తెలుసా?"

ఈ రెండు నెలలు ఈ పుస్తకంల ఎన్ని తీర్ల రాసుకున్న నేను. చూసింది చెప్పిన అని రాసిన. పోవుడు కాలేదని రాసిన.

"తెలుసు" అన్న.

"మామకు చెప్పనీకి నోరొచ్చింది గద."

"అందరు కోస్తే నా మీదికి వస్తదని భయపడ్డ."

ఆమె కోపం చేస్తదనుకున్న. తిడ్తదనుకున్న, తిడ్తే మంచిగుండేది.

"గా మాటనే చెప్తే అయిపోయేది" అన్నది. "నేను కోసి పొయ్యిల పెట్టుకుందును. ఎవరికీ చెప్పకపోదును. నీ ఉద్యోగం మా అందరిది అనుకుంటిమి."

సారూ అనలే. జైరాం అని కూడ అనలే.

మోతి చెయ్యి పట్టుకొని పోయింది. గుడిసెకు ఎవరో తాళం ఏసిండ్రు, అది తుప్పు పట్టింది. చాన సేపు గుంజింది, రాలే. పోయి తీద్దామా వద్దా అని వాకిట్ల నిలబడ్డ. ఆమె ఒక రాయి తెచ్చి కొట్టింది. మూడో దెబ్బకు ఊడింది. బిడ్డను ముందు లోపలికి పంపి, తను పోయి తలుపేసుకున్నది.